‘గో’ క్రియ వెంట వచ్చే ప్రిపోజిషన్లు: అపోహలు, వాస్తవాలు

తెలుగు మాధ్యమంలో చదువుకుని, ఉద్యోగం కోసం ఇంగ్లీషు మాట్లాడడం నేర్చుకోదలచినవారికి పాఠం చెప్పడం నా వృత్తి. పెద్ద పెద్ద మాటల వల్ల వారికి కలిగే ఇబ్బంది తక్కువే, ఎందుకంటే తెలియని మాట ఎదురైతే నిఘంటువు తీసి చూసుకుంటారు. అసలు ఇబ్బంది చిన్నప్పుడే నేర్చుకున్న ‘గో’ వంటి క్రియల దగ్గర వస్తుంది. ఆ క్రియ తమకు వచ్చుననే నమ్మకంతో, దాని పక్కన నిలిచిన ‘ఆఫ్’, ‘ఆన్’, ‘త్రూ’, ‘ఫర్’ వంటి చిన్న మాటలను, అంటే ప్రిపోజిషన్లను, ఆగి చూడరు. ఈ విషయంలో నేను తరచుగా వినే అపోహలను ఇక్కడ పరిశీలిస్తాను.

అపోహ: తెలుగులో ‘కి’, ‘కు’ వచ్చిన ప్రతిచోటా ఇంగ్లీషులో ‘టు’ రావాలి.

వాస్తవం: ‘బడికి వెళ్ళాను’, ‘విజయవాడకు వెళ్ళాను’ అన్నప్పుడు ఈ లెక్క సరిపోతుంది కనుక విద్యార్థి దానిని నియమంగా స్థిరపరచుకుంటాడు. ఆ తరువాత ‘ఇంటికి వెళ్ళాను’ అనడానికి ‘ఐ వెంట్ టు హోమ్’ అనీ, ‘విదేశాలకు వెళ్ళాడు’ అనడానికి ‘హి వెంట్ టు అబ్రాడ్’ అనీ, ‘అక్కడికి వెళ్ళు’ అనడానికి ‘గో టు దేర్’ అనీ అంటాడు. ఈ వాక్యాలలో హోమ్, అబ్రాడ్, దేర్ అనేవి క్రియావిశేషణాలు. తెలుగులో విభక్తి చేసే పని వాటిలోనే ఇమిడి ఉంది కనుక ‘ఐ వెంట్ హోమ్’ అంటే ‘ఇంటికి వెళ్ళాను’ అనే అర్థం పూర్తిగా వస్తుంది. అయితే అదే హోమ్ ముందు ఎవరి ఇల్లో తెలిపే మాట చేరితే అది మళ్ళీ నామవాచకమవుతుంది, దానితోపాటు ‘టు’ కూడా తిరిగి వస్తుంది. అందుకే ‘ఐ వెంట్ టు మై పేరెంట్స్ హోమ్’ అనే వాక్యం సరైనదే.

‘షాపింగ్‌కు వెళ్దాం’ అనేదాన్ని ‘గో టు షాపింగ్’ అనీ ‘గో ఫర్ షాపింగ్’ అనీ అనడం కూడా ఈ లెక్కలోంచి పుట్టినదే. ‘గో షాపింగ్’, ‘గో స్విమ్మింగ్’ అన్నప్పుడు మధ్యలో ఏమీ రాదు. ‘గో ఫర్ ఎ వాక్’, ‘గో ఫర్ ఎ స్విమ్’ అన్నప్పుడు మాత్రం ‘ఫర్ ఎ’ తప్పనిసరి. చదువుకోవడానికి పిల్లవాడు వెళితే ‘గో టు స్కూల్’ అంటారు, వాడి మార్కుల గురించి అడగడానికి తండ్రి వెళితే ‘గో టు ద స్కూల్’ అంటారు. చికిత్స కోసం ఆసుపత్రికి వెళ్ళడాన్ని బ్రిటిష్‌వారు ‘ద’ లేకుండానూ, అమెరికన్లు ‘ద’ చేర్చీ చెబుతారు. రెండూ ఒప్పే కనుక దీని గురించి విద్యార్థిని వేధించనవసరం లేదు.

అపోహ: ‘గో’ పక్కన ఒక్కొక్క ప్రిపోజిషన్ చేరితే ఒక్కొక్క కొత్త అర్థం వస్తుంది, ఆ జాబితాను కంఠస్థం చేస్తే చాలు.

వాస్తవం: అన్నిటికంటె ఎక్కువ నష్టం చేసేది ఈ అపోహే అని నా అభిప్రాయం. ‘గో ఆఫ్’ను తీసుకుందాం. ‘ద అలారం వెంట్ ఆఫ్’ అనే వాక్యం వినగానే చాలామంది విద్యార్థులు అలారం ఆగిపోయిందని అర్థం చేసుకుంటారు, ఎందుకంటే స్విచ్ ఆఫ్, ఫోన్ ఆఫ్ అని రోజూ అనుకునే మనకు ఆఫ్ అంటే ఆగిపోవడమే. వాస్తవానికి ఆ వాక్యానికి అర్థం అలారం మోగిందని. ‘ద లైట్స్ వెంట్ ఆఫ్’ అంటే మాత్రం దీపాలు ఆరిపోయాయనే అర్థం. ‘ద బాంబ్ వెంట్ ఆఫ్’ అంటే బాంబు పేలింది. ‘ద మిల్క్ హాజ్ గాన్ ఆఫ్’ అని బ్రిటిష్ ఇంటిలో అంటే పాలు పాడైపోయాయని అర్థం. అమెరికన్లు ఇదే సందర్భంలో ‘గాన్ బ్యాడ్’ అంటారు. ‘షి వెంట్ ఆఫ్ టు ఢిల్లీ’ అంటే ఆమె ఢిల్లీకి బయలుదేరి వెళ్ళిపోయిందని.

ఒకే జంట మాటలకు మోగడం, ఆరిపోవడం, పేలడం, పాడవడం, బయలుదేరడం అనే ఐదు అర్థాలు ఉన్నప్పుడు, ‘గో ఆఫ్ అంటే ఏమిటి’ అని అడగడమే సరైన ప్రశ్న కాదు. వెళ్ళినది ఏది అని అడగాలి. కర్త అలారమా, దీపమా, పాలా, మనిషా అని చూస్తే మిగిలిన అర్థం దానంతట అదే తేలుతుంది. ఆఫ్ అనే మాటలో ఉన్న మూలభావం ఉన్న చోటినుంచి, ఉన్న స్థితినుంచి విడివడడం. మనిషి చోటు విడిచి వెళతాడు, పాలు బాగున్న స్థితిని విడుస్తాయి, నిశ్శబ్దంగా ఉన్న అలారం ఒక్కసారిగా ఆ స్థితినుంచి బయటపడుతుంది. పాఠంలో ఈ వివరణ ఉపయోగపడినంతగా ఏ పట్టికా ఉపయోగపడలేదు.

తెలుగు మాట్లాడేవారికి ఈ పద్ధతి కొత్తది కాదు. కరెంటు పోయింది, రంగు పోయింది, పరువు పోయింది, ప్రాణం పోయింది అన్నప్పుడు ‘పోవు’ క్రియకు నాలుగు అర్థాలను మనమెవరమూ కంఠస్థం చేయలేదు. పోయినది ఏదో తెలిస్తే అర్థం తెలిసిపోతుంది. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఆ నేర్పును పక్కనబెట్టి పట్టికలను ఆశ్రయించడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

‘గో ఫర్’ దగ్గరా ఇదే సూత్రం పనిచేస్తుంది. హోటల్లో ‘ఐ విల్ గో ఫర్ ద దోస’ అని ఒక మనిషి అంటే దోసను ఎంచుకున్నాడని అర్థం. ‘ద డాగ్ వెంట్ ఫర్ హిమ్’ అంటే కుక్క అతని మీదికి దూకింది. ‘ద హౌస్ వెంట్ ఫర్ ఫిఫ్టీ లాక్స్’ అంటే ఇల్లు యాభై లక్షలకు అమ్ముడుపోయింది. ‘ద సేమ్ గోస్ ఫర్ యు’ అంటే ఆ మాట నీకూ వర్తిస్తుంది.

అపోహ: ‘టర్న్ ఇట్ ఆఫ్’ అన్నట్లే సర్వనామాన్ని ఎప్పుడూ మధ్యలోనే పెట్టాలి.

వాస్తవం: ఆ నియమం ‘టర్న్’ వంటి సకర్మక క్రియ పక్కన క్రియావిశేషణం చేరినప్పటి సంగతి. ‘గో’ సాధారణంగా కర్మను తీసుకోదు. ‘గో ఓవర్ ఇట్’, ‘గో త్రూ ఇట్’ అన్నప్పుడు ‘ఇట్’ అనేది ప్రిపోజిషన్‌కు సంబంధించిన మాట కనుక దాని తరువాతే వస్తుంది. ‘గో ఇట్ ఓవర్’ అనే వాక్యం ఇంగ్లీషులో లేదు. ఒంటరిగానే పనికి పూనుకోవడం అనే అర్థంలో ‘గో ఇట్ అలోన్’ అనే పలుకుబడి ఉన్నప్పటికీ, అందులో అలోన్ ప్రిపోజిషన్ కాదు.

అపోహ: ఇవన్నీ వాడుకలోని తేలిక మాటలు, హుందాగా రాసేవారికి అక్కరలేదు.

వాస్తవం: శామ్యూల్ జాన్సన్ 1755లో వెలువరించిన నిఘంటువు పీఠికలోనే, క్రియ పక్కన చిన్న మాట చేరి అర్థం మారిపోయే ఈ పద్ధతి ఇంగ్లీషులో విరివిగా ఉందనీ, విదేశీయులకు అత్యంత కష్టం కలిగించేది ఇదేననీ చెప్పి, అటువంటి కలయికలను శ్రద్ధగా సేకరించానన్నాడు. మన కార్యాలయాల్లో ‘ఐ హావ్ గాన్ త్రూ ద ఫైల్’ అనని అధికారి అరుదు. ఒక కంపెనీ దివాలా తీస్తే దాని ఆస్తులు అమ్మి అప్పులు తీర్చే ప్రక్రియలోకి వెళ్ళడాన్ని వ్యాపార పత్రికలు ‘గో ఇన్‌టు లిక్విడేషన్’ అనే రాస్తాయి. ‘గో త్రూ’ పక్కన ‘విత్’ చేరితే అర్థం మళ్ళీ మారుతుందని మాత్రం గమనించాలి. ‘షి వెంట్ త్రూ ద ఆపరేషన్’ అంటే ఆమెకు ఆపరేషన్ జరిగింది, ఆ బాధను ఆమె అనుభవించింది అని అర్థం. ‘షి వెంట్ త్రూ విత్ ద ఆపరేషన్’ అంటే సంకోచాలు ఉన్నా వెనుకడుగు వేయకుండా చేయించుకుంది అని అర్థం.

అపోహ: వాక్యం చివర ప్రిపోజిషన్ రాకూడదు.

వాస్తవం: 1672లో జాన్ డ్రైడెన్, తనకు ముందు తరం నాటకకర్త బెన్ జాన్సన్ రచనలో ఇటువంటి ముగింపును తప్పుపట్టాడు. తరువాతి వ్యాకరణాల్లో అది ప్రచారం పొందింది తప్ప, ఇంగ్లీషు స్వభావంలో అటువంటి నిషేధం లేదు. ‘ద ట్రబుల్ షి వెంట్ త్రూ’ అనేది చక్కని ఇంగ్లీషు. దానిని ‘ద ట్రబుల్ త్రూ విచ్ షి వెంట్’ అని తిప్పి రాస్తే వ్యాకరణం చెడదు కానీ, సంభాషణలో ఎవరూ అలా అనరు.

నోటుపుస్తకంలో ‘గో అవుట్ = బయటికి వెళ్ళు’ అని రాసుకునేవారికి నేను చెప్పేది, సమానార్థం గుర్తును మాని, కర్తతో సహా మొత్తం వాక్యాన్ని రాసుకోమని. ‘ద ఫైర్ వెంట్ అవుట్’ అని ఒక వరుసలో, ‘ద టైడ్ వెంట్ అవుట్’ అని ఇంకొక వరుసలో, ‘మై బ్రదర్ వెంట్ అవుట్’ అని మరొక వరుసలో రాసుకున్న విద్యార్థి, నిప్పు ఆరిందనీ, సముద్రపు పోటు తగ్గి నీరు వెనక్కి వెళ్ళిందనీ, అన్నయ్య బయటికి వెళ్ళాడనీ తేల్చుకోవడానికి తెలుగు అర్థం పక్కన రాసుకోవలసిన అవసరం కొద్ది వారాల్లోనే తగ్గిపోతుంది. నిఘంటువు చూసేటప్పుడు కూడా అర్థాల వరుసను వదిలి, ముందుగా ఉదాహరణ వాక్యాల్లోని కర్తలను చదవాలి.