ధర ఫోనులో, ధాన్యం కళ్లంలో

గోదావరి డెల్టాలో ఇప్పుడు ధాన్యం అమ్మకం ఫోనుతో మొదలవుతోంది. 2024 సార్వా (ఖరీఫ్) కొనుగోళ్ల సమయంలో రాష్ట్ర ప్రభుత్వం వాట్సాప్‌లోనే వివరాలు నమోదు చేసుకునే ఏర్పాటు చేసింది. సదుపాయం మంచిదే. దాని వెనకున్న చరిత్ర మాత్రం చేదు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ నేలకు నీటి కరువు తీరింది. పంట పెరిగింది కానీ, దాని ధర చెప్పే హక్కు రైతుకు దక్కలేదు. పెట్టుబడికి అప్పిచ్చిన కమీషన్ వ్యాపారికే ధాన్యం తోలాలి, ఆయన కట్టిన రేటే తీసుకోవాలి. చివరికి 2011 సార్వాలో కోనసీమ రైతులు గిట్టుబాటు కావడం లేదంటూ పంట విరామం ప్రకటించారు. కాలువ కింద భూమిని రైతే బీడు పెట్టుకున్నాడంటే ఎంత విసిగిపోయి ఉండాలి! అప్పుడు ప్రభుత్వం కారణాలు తేల్చడానికి మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా నాయకత్వంలో కమిటీని వేసింది.

2016 ఏప్రిల్‌లో కేంద్రం మార్కెట్ యార్డులను ఆన్‌లైన్‌లో కలిపే ఈ-నామ్ ప్రారంభించింది. అయితే డెల్టా ధాన్యం ఎక్కువగా కళ్లంలోనే అమ్ముడవుతుంది, మార్కెట్ యార్డు దాకా రాదు. ఇక్కడ నిజంగా తేడా తెచ్చినవి 2020లో ఊళ్లలో వచ్చిన రైతు భరోసా కేంద్రాలు (తర్వాత రైతు సేవా కేంద్రాలు), ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో రాసుకునే ఈ-క్రాప్ నమోదు, నేరుగా బ్యాంకు ఖాతాలో పడే డబ్బు.

మద్దతు ధర ఎంతో ఇప్పుడు ప్రతి రైతుకూ తెలుసు. కానీ యంత్రంతో కోసిన వడ్లు పచ్చిగా ఉంటాయి. కొనుగోలుకు తేమ 17 శాతం దాటకూడదు. ఆరబెట్టడానికి చోటు లేక రోడ్డు వారన పోస్తారు. మబ్బు పట్టిందంటే టార్పాలిన్ల కోసం పరుగులు. ఆ గాబరాలోనే దళారి వస్తాడు. బస్తాకు ఇంత తరుగు అంటాడు, రైతు తల ఊపుతాడు. ఫోనులో ధర కళ్లెదుటే ఉన్నా నాలుగు రోజులు ఆగే వీలు లేదు.

రొయ్యల రైతుదీ అదే అవస్థ. 2025 ఏప్రిల్‌లో అమెరికా సుంకాల ప్రకటన రాగానే భీమవరం చుట్టుపక్కల కౌంట్ల వారీ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కన) రేట్లు పడిపోయాయి. వార్త క్షణాల్లో చెరువుగట్టుకు చేరింది. మేతకు, కరెంటుకు రోజూ ఖర్చవుతున్న చెరువును పట్టకుండా ఎన్నాళ్లు ఆపగలరు?

అన్నిటికంటే నన్ను బాధించేది కౌలు రైతు సంగతి. ఇక్కడ పొలం దున్నేవాళ్లలో చాలామంది కౌలుదారులే. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలుదారుకు సాగు హక్కు పత్రం కావాలంటే భూయజమాని సమ్మతి ఉండాలి. హక్కులు పోతాయన్న భయంతో చాలామంది సంతకం పెట్టరు. అప్పుడు ఈ-క్రాప్‌లో పంట భూయజమాని పేరున ఎక్కితే, ధాన్యం సొమ్ము కూడా ఆయన ఖాతాకే పోతుంది.