డబ్బున్నోళ్ళంటే దేవుడికి ఇష్టం లేదా?

పిల్లలూ,

క్రిస్మస్ ముందు బైబిల్లో యేసు తల్లి మరియమ్మ పాడిన పాట చదువుతూ మీలో ఒకరు అడిగారు: "'ధనవంతులను వట్టిచేతులతో పంపివేసెను' అని ఉందేంటి తాతయ్యా, డబ్బున్నోళ్ళంటే దేవుడికి ఇష్టం లేదా?"

కాలవ సంగతి తీసుకోండి. ఎగువ చేలు ముందు తడుస్తాయి, శివారు భూములకు నీరందదు. కాలవ నీళ్ళు చూసే లస్కరు శివారుకే పదిసార్లు తిరుగుతాడు. ఎగువ రైతు మీద పగతో కాదు, ఎండుతున్న చేను అక్కడుంది కాబట్టి. దేవుడు పేదల వైపు నిలబడ్డమూ అలాంటిదే. ఎండే నారుకు బిందెతో నీళ్ళు మొయ్యడం దయ. మంచిదే, మానొద్దు. కానీ రాత్రిపూట గట్టుకు గండి కొట్టి నీళ్ళు మళ్ళించుకున్నదెవరో గట్టు వెంట నడిచి చూడాలి. బిందె మోసేవాణ్ణి ఊరంతా మెచ్చుకుంటుంది. గండి మాటెత్తితే కొందరి ముఖాలు మాడిపోతాయి.

1968లో కొలంబియాలోని మెడెలిన్‌లో లాటిన్ అమెరికా బిషప్పులు ఆ మాటే ఎత్తారు. పేదరికం తలరాత కాదన్నారు, అన్యాయమైన ఏర్పాట్ల వల్ల వచ్చిందన్నారు. పెరూకి చెందిన ఫాదర్ గుస్తావో గుటియెరెజ్ 1971లో రాసిన పుస్తకంతో ఈ ఆలోచనకు విమోచన వేదాంతమన్న పేరు స్థిరపడింది. మార్క్సిజం పాలు ఎక్కువైందని 1984లో వాటికన్ కొన్ని ధోరణులను తప్పుపట్టింది. ఎల్ సాల్వడార్‌లో అగ్రపీఠాధిపతి ఆస్కార్ రొమేరో చంపబడినవాళ్ళ పేర్లు ఆదివారం ప్రసంగంలో చదివేవారు, రేడియోలో దేశమంతా వినేది. 1980 మార్చి 23న, సాటి రైతుబిడ్డలను చంపొద్దని సైనికులకు చెప్పారు. మర్నాడు పూజ చేస్తుండగా కాల్చేశారు. 2018లో పునీతుడిగా ప్రకటించారు.

మన దగ్గర గండి కులం దగ్గర కూడా ఉంది. 1980ల నుంచి దళిత వేదాంతం అడుగుతున్నది దాని గురించే.

అసలు పని జరిగింది మాత్రం బ్రెజిల్ పల్లెల్లో, పేటల్లో. ఫాదర్లు తక్కువ, నెలల తరబడి వచ్చేవారు కాదు. ఇరుగుపొరుగువాళ్ళు ఎవరో ఒకరింట్లో చేరేవారు. ముందు చూడ్డం: ఈ వారం ఎవరి కూలి ఎగ్గొట్టారు, ఎవరి గుడిసె పీకేశారు? తర్వాత తూచడం: దానికి దగ్గరగా ఉన్న వాక్యం చదివి, చదువు రానివాళ్ళు కూడా మాట్లాడ్డం. ఆఖరికి చెయ్యడం: అర్జీ ఎవరు రాస్తారు, ఎవరు తీసుకెళ్తారు, ఎప్పటికి? మొదటి మెట్టు దాటేస్తే అది ఉత్త ప్రసంగమవుతుంది. మూడోది వదిలేస్తే ఉత్త ఓదార్పు. ఇంకో తెగులు, చదువుకున్నవాడు ముందు నోరు విప్పడం. ఇక మిగతావాళ్ళు తలూపుతూ కూర్చుంటారు.

మీరూ అయిదారుగురు కూర్చుని నెహెమ్యా 5వ అధ్యాయం మొదటి 13 వచనాలు చదవండి. తిండిగింజల కోసం పొలాలు కుదువపెట్టడం, అప్పు, వడ్డీ, పిల్లలు దాస్యానికి పోవడం, అన్నీ ఉన్నాయి. పుస్తకం తెరవకముందు మాత్రం మీ వీధిలో అప్పు ఎవరికుందో, నూటికి నెలకెంత వడ్డీయో కనుక్కోండి. పేర్లు బయటపెట్టకండి. మధ్యలో పెద్దవాళ్ళెవరైనా జవాబు చెప్పబోతే కాసేపు ఆగమనండి.

మీ తాతయ్య