దూకితే కాలు ఎక్కడ పడుతుంది? మారియో త్రీడీలోకి వచ్చాక మొదలైన తంటా

పక్క నుంచి చూసే టూడీ గేమ్ గొప్పదా, లోతుగా తిరిగే త్రీడీ గొప్పదా అనే గొడవ ఇప్పటిది కాదు. అందరూ గ్రాఫిక్స్ దగ్గరే కొట్టుకుంటారు గానీ, నన్నడిగితే అసలు పేచీ దూకడం దగ్గరుంది. గాల్లో ఉండగానే కాలు ఎక్కడ పడుతుందో తెలుస్తుందా లేదా అన్నదే లెక్క.

1981లో నింటెండో గేమ్ డిజైనర్ షిగేరు మియమోటో చేసిన డాంకీ కాంగ్‌లో ఆ అనుమానమే లేదు, పీపా దొర్లుకుంటూ వస్తుంది, ఎగిరి దాటాలి. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ అసలు మెషీన్ మీద మనలో ఎంతమంది ఆడారో గానీ, వేసవి సెలవుల్లో టీవీకి తగిలించే డూప్లికేట్ సెట్, పసుపు క్యాసెట్ మాత్రం చాలామందికి గుర్తే. అందులో మొదటి లెవెల్ చూడండి. మొదటి గొట్టం పొట్టిది, రెండోది కాస్త ఎత్తు, మూడోది ఇంకా ఎత్తు. బటన్ ఎంతసేపు నొక్కితే హీరో మారియో ఎంత ఎగురుతాడో అవి దాటేసరికి వేళ్లకే తెలిసిపోతుంది, మొదటి గొయ్యి ఆ తర్వాతే వస్తుంది. ఒక్క ముక్క రాయకుండా పాఠం చెప్పేశారు!

1996లో నింటెండో 64 అనే గేమ్ మెషీన్‌తో పాటు సూపర్ మారియో 64 వచ్చింది, ఈ లెక్కంతా తలకిందులైంది. తెర బల్లపరుపుగానే ఉంది, ఆట మాత్రం లోతుగా ఉంది, దాంతో ఎదురుగా ఉన్న దిమ్మె రెండడుగుల దూరమో ఐదడుగుల దూరమో కంటికి ఆనదు. అందుకే మారియో కాళ్ల కింద నీడ పెట్టారు. వెలుతురు ఎటున్నా అది నిట్టనిలువుగా కిందే పడుతుంది, దూకేటప్పుడు మనం చూసేది మారియోని కాదు, దాన్నే. గురి కాస్త తప్పినా అంచు పట్టుకుని వేలాడతాడు. ఇక కెమెరా తిప్పే పని కూడా మన నెత్తినే పడింది, అది వింతగా అనిపించకుండా మబ్బు మీద తిరిగే లకిటు అనే పాత్ర చేతికి కెమెరా ఇచ్చారు. కోటలో అద్దాల గదికి వెళ్తే అద్దంలో అతను కూడా కనిపిస్తాడు (నాకు ఆ గేమ్‌లో అన్నిటికంటే నచ్చింది అదే).

అదే ఏడాది వచ్చిన క్రాష్ బాండికూట్ తెలివిగా తప్పించుకుంది. సన్నటి దారి, వెనకే కెమెరా, అటూ ఇటూ పోవడానికి లేదు. సెగా కంపెనీ హీరో సోనిక్‌కి ఆ అదృష్టం లేదు, ఆ కంపెనీ మెషీన్ సెగా సాటర్న్ కోసం చేస్తున్న సోనిక్ ఎక్స్‌ట్రీమ్ బయటికి రాకుండానే ఆగిపోయింది.

దూకడం ఇంత కష్టమయ్యాక లెవెల్ చివరిదాకా పరిగెత్తించడం కుదరదు కదా, అందుకే మారియో 64లో పాత ఆటలో లెవెల్ చివర ఉండే జెండా కర్రా లేదు, టైమ్ లెక్కపెట్టే గడియారమూ లేదు. తిరుగుతూ వెతుక్కోవడమే, 120 నక్షత్రాల్లో 70 దొరికితే విలన్ బౌజర్‌తో చివరి పోరుకి దారి తెరుచుకుంటుంది. కొందరికి ఇదే స్వర్గం, కొందరికి అసలు ప్లాట్‌ఫార్మరే (దిమ్మెల మీద దూకుతూ సాగే ఆటే) కాదు. గొడవ మొదలైంది ఇక్కడే.

2006లో న్యూ సూపర్ మారియో బ్రదర్స్‌తో మారియో మళ్లీ పక్క నుంచి చూసే ఆటకి వచ్చాడు, 3 కోట్లకు పైగా కాపీలు అమ్ముడుపోయాయి. 2011 నాటి సూపర్ మారియో 3డీ ల్యాండ్‌లో జెండా కర్ర, గడియారం రెండూ తిరిగొచ్చాయి, పైగా అది ఆడే నింటెండో 3డీఎస్ మెషీన్ తెర మీద లోతు నిజంగానే కంటికి కనిపించేది. ఇక 2017 నాటి సూపర్ మారియో ఒడిస్సీలోనైతే కొన్ని గొట్టాల్లో దూరగానే మారియో గోడ మీద పాత టూడీ గళ్ల బొమ్మగా మారిపోతాడు. ఆ గోడ మీద ఉన్నంతసేపు నీడ కోసం వెతుక్కోవాల్సిన పనిలేదు.