అంగడికి చోటెక్కడ? హైదరాబాద్ చిన్న దుకాణాల నేపథ్యం

వీధి చివరి కిరాణా కొట్టు, వారానికోసారి కాలనీ రోడ్డు మీద సాగే అంగడి ఎంతకాలం నిలుస్తాయన్న చర్చ హైదరాబాద్‌లో ఎక్కువగా ధరల చుట్టూ, ఇంటికి సరుకు చేరవేసే యాప్‌ల చుట్టూ తిరుగుతోంది. చిక్కు అంతకంటే పాతది. చిన్న వ్యాపారికి నగరంలో చోటు చూపించడం ఒకప్పుడు పాలకుల పనిగా ఉండేది. ఆ పని క్రమంగా ఎవరిదీ కాకుండా పోయింది.

1591లో చార్మినార్ చుట్టూ వెలసిన ఈ నగరంలో బజారు మొదటినుంచీ నడిబొడ్డునే ఉంది. చార్మినార్‌ను ఆనుకునే లాడ్ బజార్ ఏర్పడింది. ఏడవ నిజాం కాలంలో, 1935లో, ఆయన రెండో కుమారుడి పేరుతో మొజంజాహీ మార్కెట్ కట్టారు. పండ్లూ కూరగాయలూ అమ్ముకునేవారి కోసం గ్రానైటు రాతితో, గడియార స్తంభంతో అంత హుందాగా కట్టిన భవనమది. చిన్న అమ్మకందారుకు ఈ నగరం ఇచ్చిన గౌరవానికి అంతకు మించిన సాక్ష్యం నాకు కనిపించదు. తర్వాత దశాబ్దాలపాటు ఆలనాపాలనా లేక పాడుబడిన ఆ కట్టడాన్ని బాగుచేసి 2020 ఆగస్టులో మళ్ళీ తెరిచారు.

ప్రభుత్వం తలుచుకుని చోటు కల్పించిన మరో పెద్ద సందర్భం రైతు బజార్లు. 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అవి మొదలయ్యాయి. మెహిదీపట్నంలో, ఎర్రగడ్డలో, కూకట్‌పల్లిలో దళారీ లేకుండా రైతే తూకం వేసి అమ్ముతాడు, ఆనాటి ధర బోర్డు మీద రాసి ఉంటుంది. నగరం పెరిగిన వేగాన్ని మాత్రం ఈ బజార్లు అందుకోలేకపోయాయి.

ఆ ఖాళీలోకే పెద్ద సంస్థలు వచ్చాయి. 2006లో రిలయన్స్ ఫ్రెష్ తన తొలి దుకాణాలను హైదరాబాద్‌లోనే తెరిచింది. బహుళ బ్రాండ్ల చిల్లర వర్తకంలో 51 శాతం విదేశీ పెట్టుబడికి కేంద్రం 2012లో అనుమతినిచ్చింది. ఆ తర్వాత నిమిషాల్లో సరుకు తెచ్చే యాప్‌లు వచ్చాయి.

అయినా కిరాణా కొట్టు నిలబడడానికి ప్రధాన కారణం ఉద్దెర. అట్ట ఊడిన పొడుగాటి నోటు పుస్తకంలో ఒక్కో ఇంటికి ఒక పేజీ ఉంటుంది. నెల మధ్యలో జీతం అయిపోయినప్పుడు అరకిలో కందిపప్పు, పావుకిలో నూనె ఆ పేజీలోకి ఎక్కుతాయి, ఒకటో తారీఖున కొట్టివేత పడుతుంది. జీతం చీటీ చూపలేని కూలికీ, ఇళ్ళలో పనిచేసే ఆమెకూ ఈ నమ్మకం మీద సరుకు ఇచ్చేది ఆ కొట్టు ఒక్కటే. అది మూతపడితే ముందుగా దెబ్బతినేది వాళ్ళే.

తోపుడు బండికి ఆ మాత్రం గోడా పైకప్పూ కూడా లేవు. 2014లో పార్లమెంటు చేసిన వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తిచేసి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు, అమ్మకాలకు ప్రత్యేక ప్రాంతాలు గుర్తించాలి. కానీ క్లబ్ హౌసుకూ ఈత కొలనుకూ నక్షాలో జాగా చూపించే కొత్త నివాస సముదాయాల్లో కూరగాయల గంపకు జాగా ఉండదు. అందుకే అంగడి రోడ్డెక్కుతుంది, రోడ్డెక్కినందుకు ట్రాఫిక్‌కు అడ్డమన్న ఫిర్యాదు వస్తుంది. ఆ ఫిర్యాదు చేసే కాలనీ సంక్షేమ సంఘాలకు, ఇదే చట్టం కింద ఏర్పడే పట్టణ విక్రయ కమిటీలో ప్రాతినిధ్యం ఉంది. అంగడిని ఎత్తివేయమని కాక, దానికి ఫలానా చోటు కేటాయించమని అక్కడ అడిగే హక్కు వాటికి ఉంది.