ఏసీ 22లో పెట్టినా ఉక్కపోత ఎందుకు? ఆఫీసు గాలి: అపోహలు - వాస్తవాలు

చెన్నైలో ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డు ఆఫీసుల్లో ఎవరైనా ఉక్కగా ఉందన్నారంటే ముందుగా చేతులు వెళ్లేది రిమోట్ మీదికే. చాలాసార్లు తప్పు అక్కడ ఉండదు.

అపోహ: థర్మోస్టాట్ 24 చూపిస్తే అందరికీ 24 ఉన్నట్టే.

అది తానున్న గోడ దగ్గరి గాలి సంగతే చెబుతుంది. ఒంటికి హాయిగా ఉండటం ఆరింటి మీద ఆధారపడుతుంది: గాలి వేడి, చుట్టూ ఉన్న గోడలూ అద్దాల నుంచి తగిలే వేడి, గాలి వేగం, తేమ, కట్టుకున్న బట్టలు, చేస్తున్న పని. 1970లో డెన్మార్క్‌కు చెందిన శాస్త్రవేత్త ఫాంగర్ వీటన్నిటినీ ఒకే లెక్కలోకి తెచ్చారు. ఆ లెక్కలో అన్నీ కుదిరినా నూటికి ఐదుగురికి నచ్చదు.

మధ్యాహ్నం మూడింటికి పడమటి అద్దం పక్క సీటు చూడండి. అద్దం మీద చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. అక్కడ కూర్చున్నాయనకు ఒక భుజం మండిపోతుంటే, ఏసీ గాలి సూటిగా పడే సీట్లో ఉన్నావిడ శాలువా కప్పుకుంటుంది. సెట్టింగ్ తగ్గిస్తే ఆవిడకు వణుకు, ఆయనకు అదే మంట. అద్దానికి బయటివైపు నీడ కల్పించాలి, కుదరకపోతే సీటు ఒక మీటరు లోపలికి జరపాలి. ఏసీ గాలి వచ్చే గ్రిల్ రెక్కలు పక్కకు తిప్పాలి.

కొలిచేటప్పుడు మనిషి కూర్చునే చోటే కొలవండి: నేల నుంచి 0.1, 0.6, 1.1 మీటర్ల ఎత్తుల్లో, అంటే చీలమండ, నడుము, తల దగ్గర. అద్దాల వేడికి గ్లోబ్ థర్మామీటర్ కావాలి. బూడిద రంగు వేసిన 40 మిల్లీమీటర్ల పింగ్‌పాంగ్ బంతి నడిమధ్యలో సెన్సర్ మొన ఉంచినా సరిపోతుంది. రీడింగ్ నిలకడకు వచ్చేదాకా పావుగంటైనా ఆగాలి. అదే నిమిషంలో ఆ మనిషిని రెండు ప్రశ్నలు అడగాలి. ఇప్పుడు ఎలా ఉంది, మైనస్ 3 (బాగా చలి) నుంచి ప్లస్ 3 (బాగా వేడి) దాకా? ఇంకా చల్లగా కావాలా, వెచ్చగా కావాలా, ఇలాగే ఉండాలా? రెండో ప్రశ్న వదలకండి. 'కాస్త చల్లగా ఉంది' అన్నవారే 'ఇలాగే ఉంచండి' అనడం ఇక్కడ మామూలే. భోజనానికి వెళ్లి ఎండలోంచి అప్పుడే వచ్చినవారిని మాత్రం అరగంట దాకా అడగొద్దు.

అపోహ: మనవాళ్లకు 22 అయితేనే హాయి.

పరిశోధకురాలు మాధవి ఇంద్రగంటి బృందం చెన్నై, హైదరాబాద్‌లలోని 28 ఆఫీసు భవనాల్లో 2,787 మందిని అడిగి 2014లో ప్రచురించిన ఫలితం: ఏసీ నడిచే చోట హాయి ఉష్ణోగ్రత 26.4 డిగ్రీలు, కిటికీలు తెరిచిన చోట 28. సీలింగ్ ఫ్యాన్ గాలి సెకనుకు 0.8 మీటర్ల వేగంతో తగిలితే దాదాపు రెండున్నర డిగ్రీల చల్లదనం అనిపిస్తుంది. ఫాల్స్ సీలింగ్ వేసేటప్పుడు ఫ్యాన్లు తీసేయడమే మా దృష్టిలో పెద్ద పొరపాటు.

అపోహ: చల్లగా ఉంటే గాలి మంచిదే.

స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తీసుకోదు, ఉన్న గాలినే తిప్పుతుంది. ఊరికే కూర్చున్న మనిషి గంటకు సుమారు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. 60 ఘనమీటర్ల మీటింగ్ గదిలో పదిమంది తలుపు వేసుకుంటే అరగంటలో అది 1,500 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 1,500 పాళ్లు) పెరుగుతుంది. మనిషికి సెకనుకు 10 లీటర్ల బయటి గాలి ఇస్తే, బయటి గాలిలో ఉండేదానితో కలిపి మొత్తం 920 దగ్గర నిలుస్తుంది.

అలాగని ఏసీ నడుస్తుండగా కిటికీ తెరవకండి. సముద్రపు గాలి మళ్లాక ఇక్కడ మంచు బిందువు, అంటే గాలిలోని తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత, తరచుగా 25 డిగ్రీల దాకా ఉంటుంది. 15 డిగ్రీల గ్రిల్‌కు ఆ గాలి తగలగానే నీళ్లు కారి, సీలింగ్ పలకలకు బూజు పడుతుంది. బయటి గాలిని ముందు తేమ తీసే కాయిల్ మీదుగానే లోపలికి పంపాలి.

అపోహ: కుండీలు పెడితే గాలి శుభ్రమవుతుంది.

చూడటానికి బాగుంటాయి, అంతే. మొక్కలను మూసిన చిన్న పెట్టెలో పెట్టి చేసిన ప్రయోగంలో వచ్చిన ఫలితం ఆఫీసు గదికి వర్తించదు.

అపోహ: కార్బన్ డయాక్సైడ్ మీటర్ పచ్చగా చూపిస్తే సరే.

చాలా మీటర్లు వారంలో కనిపించిన అతి తక్కువ రీడింగ్‌ను బయటి గాలి అనుకుని 400కు సర్దుకుంటాయి. నైట్ షిఫ్టుతో 24 గంటలూ జనం ఉండే చోట లోపల ఎప్పుడూ 700కు తగ్గదనుకోండి, ఆ 700నే 400గా చూపించడం మొదలుపెడతాయి. ఆ ఆటో సర్దుబాటును ఆపేయండి. నెలకోసారి మేడ మీదికి తీసుకెళ్లి, నీడలో, మనుషులకు దూరంగా పావుగంట ఉంచి సరిచేయండి. మీ ఊపిరి దానికి తగలనివ్వకండి.