వచ్చిన మాటలు పోతున్న పిలకాయలు: మెదడు జబ్బు పేరు తెలియడానికే ఇంత లేటు ఎందుకు?

కనిగిరి, ఉదయగిరి వైపు నేర్చిన మాటా నడకా పోతున్న బిడ్డలున్న ఇళ్ళల్లో అడిగితే చాలామంది చెప్పేది ఇదే, బాగానే నడిచేవాడండీ, అమ్మా అత్తా అనేవాడు, ఫిట్స్ మొదలయ్యాక ఒక్కోటి పోయాయి అని. మాటలు లేటుగా రావడం వేరు, వచ్చినవి పోవడం వేరు, మెదడు క్షీణించే జన్యు జబ్బేమో అని అనుమానించాల్సింది ఇక్కడే.

ఈ జబ్బులు కొత్తవేం కాదు. 1881లో వారెన్ టే అనే ఇంగ్లండ్ కంటి డాక్టర్ ఓ పసిబిడ్డ కంటి లోపల ఎర్ర మచ్చ చూశాడు, 1887లో న్యూయార్క్‌లో బెర్నార్డ్ సాక్స్ మెదడులో మార్పులు రాశాడు, అదే టే-సాక్స్. దానికి కారణం ఒక ఎంజైమ్ లేకపోవడమని తేలింది మాత్రం 1969లో. అన్నేళ్ళూ పేరుంది, మందు లేదు. పేరు తెలిసి ఏం లాభంలే అనే ఆలోచన అప్పట్నుంచే పాతుకుపోయిందని నాకనిపిస్తుంది.

ఇప్పుడు అన్నిటికీ కాకపోయినా కొన్నిటికి అలా కాదు. పిల్లల్లో మెదడు క్షీణించే బాటెన్ జబ్బుల్లో ఒక రకానికి 2017లో అమెరికాలో మందు ఒప్పుకున్నారు, మెదడు నరాల పైపొర పాడయ్యే ఎంఎల్‌డీ అనే ఇంకో జబ్బుకి జీన్ థెరపీ, అంటే పనిచేసే జన్యువుని ఎక్కించే వైద్యం, 2020లో యూరప్‌లో, 2024లో అమెరికాలో వచ్చింది. ఖరీదు కోట్లల్లోనే, పైగా ఈ జీన్ థెరపీని జబ్బు లక్షణాలు మొదలవకముందు, లేదంటే బాగా మొదట్లో ఇస్తేనే పనిచేస్తది. మన బిడ్డలేమో ఊరి డాక్టరు, తాయెత్తు, నెల్లూరు, ఒంగోలు, ఆ తర్వాత మద్రాసు ఎగ్మూరో వేలూరో తిరిగేసరికి నడక పోయుంటది. అంగన్‌వాడీల్లో, స్కూళ్ళల్లో పిల్లల్ని పరీక్షించే కేంద్ర పథకం ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) 2013లో మొదలైంది, మంచిదే, కానీ మాటా నడకా విషయంలో అక్కడ చూపు ఎక్కువగా ఆలస్యం మీదే, వచ్చింది పోయిందా అని విడిగా అడగాలి.

2021లో కేంద్రం అరుదైన జబ్బుల పాలసీ తెచ్చింది, 2022లో ఒక్కో రోగికిచ్చే సాయం 50 లక్షల రూపాయల దాకా పెంచారు. ఈ వైద్యానికి కేంద్రం ఇచ్చిన మొదటి సెంటర్ల లిస్టులో తెలుగు రాష్ట్రాల్లో ఉన్నది హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ (డీఎన్‌ఏ పరిశోధన సంస్థ)-నిమ్స్ ఆస్పత్రి ఒక్కటే, ఆ లిస్టులో ఆంధ్రా సెంటరు ఒక్కటీ లేదు.

ఇంక మేనరికం సంగతి. దగ్గర సంబంధాల్లో ఈ జబ్బుల రిస్కు ఎక్కువే, కానీ బయట సంబంధాల్లోనూ వస్తాయి, అందుకే తల్లిని తప్పుపట్టడం అన్యాయం. వీటిల్లో ఎక్కువ జబ్బులకి తల్లీతండ్రీ ఇద్దరూ ఆ జబ్బు జన్యువు మోస్తుంటే ప్రతి కాన్పుకీ బిడ్డకి జబ్బొచ్చే ఛాన్సు నూటికి 25. అందుకే మొదటి బిడ్డకి మందు లేకపోయినా జీన్ టెస్టు చేయించాలి, రిపోర్టు చేతిలో ఉంటేనే తర్వాతి కాన్పులో 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి ముక్క తీసి, కడుపులో బిడ్డకీ అదే ఉందా అని చూడగలరు.