పదింతల అద్దంలో వజ్రం: స్వచ్ఛత గ్రేడు వెనకున్న చరిత్ర

వజ్రంతో పాటు ఇచ్చే పూర్తిస్థాయి ప్రయోగశాల నివేదికలో ఒక చిన్న బొమ్మ ఉంటుంది. రాయిని పైనుంచి ఒకసారి, కిందనుంచి ఒకసారి చూసినట్టు గీసిన రెండు రేఖాచిత్రాలు. వాటిలో అక్కడక్కడా ఎర్ర చుక్కలు, ఆకుపచ్చ గీతలు. ఎరుపు లోపలి గుర్తులకు, ఆకుపచ్చ పైపై గుర్తులకు. దాని పక్కన ‘వీఎస్2’ అనో ‘ఎస్ఐ1’ అనో స్వచ్ఛత గ్రేడు రాసి ఉంటుంది. కొనేవారిలో చాలామంది బొమ్మ జోలికి పోరు, ఆ పొడి అక్షరాలే చూస్తారు. ఒక్క మెట్టు అటూ ఇటూ అయితే ధర మారిపోతుంది కాబట్టి ఆ గ్రేడు రాయికి పుట్టుకతో వచ్చిన గుణమని అనుకుంటారు.

అది గుణం కాదు, తీర్పు. నిర్ణీతమైన వెలుతురులో, పదింతలు పెద్దదిగా చూపే అద్దం కింద, శిక్షణ పొందిన మనిషి ఇచ్చిన తీర్పు. అమ్మేవారి మాటను ఎంతవరకు నమ్మాలన్న పాత తగవులోంచే అది పుట్టింది.

వజ్రంలో దోషాలు వెతకడం మాత్రం చాలా పాతది. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రపరీక్షకు ఒక అధ్యాయమే కేటాయించాడు. కాకిపాదం, ఈగ, వెంట్రుక లాంటి గుర్తులున్నవీ, ఇసుక రేణువులు నాటుకున్నట్టు ఉన్నవీ మంచివి కావన్నాడు. కొన్ని రకాల లోపాలకు ధరలో ఎనిమిదో వంతు తగ్గించాలనీ లెక్క చెప్పాడు. తర్వాతి రత్నశాస్త్రాలు బిందువు, రేఖ, యవ (బార్లీ గింజ), మలం, కాకపదం అంటూ దోషాలకు పేర్లు పెట్టాయి. ఆ పేర్లు నాకు చాలా ఇష్టం. కంటికి ఏది ఎలా తోచిందో అలాగే చెప్పిన మాటలవి. ఈనాటి గ్రేడర్లు లోపలి పగులును ఈక అనీ, సన్నని స్ఫటికాన్ని సూది అనీ, కంటికి విడివిడిగా ఆనని చుక్కల గుంపును మబ్బు అనీ పిలవడంలో ఉన్నదీ ఆ చూపే. కాకపోతే ఆ రోజుల్లో దోషమంటే ధర తగ్గించేదే కాదు, ధరించినవారికి కీడు చేసేది కూడా.

18వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో బ్రెజిల్‌లో గనులు బయటపడేవరకు ప్రపంచానికి వజ్రాలు ప్రధానంగా భారతదేశం నుంచే వెళ్లేవి. 17వ శతాబ్దంలో గోల్కొండ, బీజాపూర్ రాజ్యాల గనులకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియె ఇక్కడి పరీక్షను దగ్గరుండి చూసి రాశాడు. ఐరోపాలో ముడిరాయిని పగటి వెలుతురులో చూస్తే, ఇక్కడివారు రాత్రిపూట చూసేవారట. గోడలో చిన్న గూడు, అందులో లావాటి వత్తి వేసిన దీపం. రాయిని వేళ్ల మధ్య పట్టుకుని ఆ వెలుగుకు ఎదురుగా పెట్టి, దాని నీరు, అంటే రంగూ నిగారింపూ, ఎలాంటిదో, ఎంత తేటగా ఉందో తేల్చేవారు. ఆయన గమనించిన ఇంకో సంగతి అంతకన్నా విలువైనది. రాయి శుభ్రంగా ఉంటే సానమీద అలా తాకించి వదిలేసేవారు. లోపల నలుపో ఎరుపో నలుసులుంటే మాత్రం రాయి నిండా చిన్న చిన్న పలకలు తీర్చి, ఆ మెరుపుల్లో దోషం కనబడకుండా చేసేవారు. మచ్చను పట్టే నేర్పూ, దాచే నేర్పూ ఆనాడే ఒకే గని దగ్గర పక్కపక్కన ఉండేవి.

1870ల తర్వాత దక్షిణాఫ్రికా గనుల నుంచి వజ్రాలు కుప్పలుగా రావడంతో సరుకు పెరిగింది, దాన్ని చెప్పే మాటలు మాత్రం పెరగలేదు. ‘పర్ఫెక్ట్’, ‘క్లీన్’, ఫ్రెంచిలో పొడిచినట్టున్నది అనే అర్థంలో ‘పికే’ లాంటి మాటలతోనే బేరాలు సాగేవి. ఒక దుకాణంలో పర్ఫెక్ట్ అన్నది ఇంకో దుకాణంలో కాకపోవచ్చు. నిలదీయడానికి కొనేవారి చేతిలో కొలమానం లేదు.

ఈ పరిస్థితిని మార్చడానికి నడుం కట్టినవాడు రాబర్ట్ షిప్లీ. స్వయంగా నగల వ్యాపారి అయిన ఆయన, తన వృత్తిలోని వారికి సరుకు గురించి సరైన చదువు లేదని గ్రహించి, 1931లో లాస్ ఏంజెలెస్‌లో జెమలాజికల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికా, అంటే జీఐఏను స్థాపించాడు. రంగు (కలర్), స్వచ్ఛత (క్లారిటీ), సానతీరు (కట్), క్యారట్ బరువు అనే నాలుగింటినీ ‘నాలుగు సీ’లుగా గుర్తుపెట్టుకోమని నేర్పిందీ ఆయనే. 1938లో ఆయన కుమారుడు డైమండ్‌స్కోప్ అనే సూక్ష్మదర్శినిని తయారుచేశాడు. ఇందులో వెనక భాగం చీకటిగా ఉంటుంది, వెలుతురు పక్కనుంచి రాయిలోకి వస్తుంది. లోపల చిన్న నలుసున్నా నల్లని ఆకాశంలో చుక్కలా వెలుగుతుంది.

అసలు మలుపు 1953లో వచ్చింది. షిప్లీ తర్వాత జీఐఏను నడిపిన రిచర్డ్ లిడికోట్, తన సహచరులతో కలిసి రంగుకూ స్వచ్ఛతకూ మెట్ల వరుస తయారుచేశాడు. రంగు మెట్లు ‘ఏ’ నుంచి కాక ‘డి’ నుంచి మొదలవుతాయి. అప్పటికే వ్యాపారులు ఏ, డబుల్ ఏ అంటూ ఎవరికి తోచినట్టు వాడేస్తున్నారు గనుక ఆ అక్షరాలను ముట్టుకోలేదు. స్వచ్ఛతలో ఏ మచ్చా లేనిది ఫ్లాలెస్. తర్వాత మచ్చలు అతి అతి స్వల్పంగా ఉన్న వీవీఎస్, అతి స్వల్పంగా ఉన్న వీఎస్, స్వల్పంగా ఉన్న ఎస్ఐ, తేలిగ్గా కనిపించే ఐ. ఒక్కోదానిలో మళ్లీ అంకెలు. 1955 నుంచి ప్రయోగశాల నివేదికలు వెలువడ్డాయి.

ఈ వరుస ఒక్కసారిగా తుదిరూపానికి రాలేదు. 1970లలో పైన ఒకటి, కింద ఒకటి చేరాయి. లోపల నిర్మలంగా ఉండి పైన మాత్రమే చిన్న గీతలున్న వాటికి ‘ఇంటర్నల్లీ ఫ్లాలెస్’, బాగా మచ్చలున్న వాటికి ‘ఐ3’. దాంతో మొత్తం మెట్లు 11 అయ్యాయి. 1990లలో ‘ఐ’ అక్షరం అర్థం మారింది. అంతవరకు అది ‘ఇంపర్ఫెక్ట్’, అంటే లోపమున్నది. తర్వాత ‘ఇన్‌క్లూడెడ్’, అంటే లోపల ఏదో ఇమిడి ఉన్నది. అక్షరం అదే, నింద పోయింది. అది సరైన పనేనని నా అభిప్రాయం. రాయిలో ఏముందో చెప్పడం గ్రేడరు పని, దాన్ని తప్పుపట్టడం కాదు.

గ్రేడరు చూసేవి ఐదు: మచ్చ ఎంత పెద్దది, ఎన్ని ఉన్నాయి, ఎక్కడ ఉంది, ఏ రకం, చుట్టూ ఉన్న వజ్రంతో పోలిస్తే ఎంత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ‘ఎక్కడ’ అన్నది చాలా మార్చేస్తుంది. రాయి నడుము దగ్గర తెల్లని ఈక ఉంటే పట్టుకోవడానికి వెతకాలి. అంతే పరిమాణంలో నల్లని స్ఫటికం పై పెద్ద పలకకు సరిగ్గా కింద, కాస్త లోతులో ఉంటే, అడుగు పలకలు అద్దాల్లా పనిచేసి ఆ ఒక్కదాన్నే చుట్టూ పలుమార్లు చూపిస్తాయి. ఉన్నది ఒకటే, కనిపించేది గుంపు. గ్రేడు ఆ కనిపించేదాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఎస్ఐ1 వచ్చిన రెండు రాళ్లు పక్కపక్కన పెడితే ఒకటి కంటికి తేటగా, మరొకటి మసకగా అనిపించవచ్చు. మసకకు కారణం తరచు మబ్బు. మబ్బులను ఒక్కోసారి బొమ్మలో గీయరు. ‘గ్రేడుకు ఆధారం బొమ్మలో చూపని మబ్బులు’ అని వ్యాఖ్యల్లో ఒక్క వాక్యం ఉంటుంది. చదవకుండా వదిలేయకూడని వాక్యం అదే.

కొలమానం వచ్చాక ఒత్తిడి దాని అంచులకు చేరింది. ఎస్ఐ2కు, ఐ1కు మధ్య ధరలో పెద్ద అగాధం ఉంది కాబట్టి 1990లలో కొన్ని ప్రయోగశాలలు ‘ఎస్ఐ3’ అనే కొత్త మెట్టు పెట్టాయి. జీఐఏ దాన్ని ఇప్పటికీ ఒప్పుకోలేదు. ఒకే రాయికి వేర్వేరు ప్రయోగశాలలు వేర్వేరు గ్రేడ్లు ఇవ్వడం ఎంతదాకా వెళ్లిందంటే, 2014లో రాప్‌నెట్ అనే వ్యాపార వేదిక ఈజీఎల్ అనే ప్రయోగశాలల నివేదికలను తన జాబితా నుంచి పూర్తిగా తీసేసింది. జీఐఏకూ మచ్చ అంటకపోలేదు. గ్రేడు పెంచడానికి డబ్బు ముట్టిందన్న ఆరోపణలు రావడంతో 2005లో అంతర్గత విచారణ జరిగింది, నలుగురు ఉద్యోగులను తొలగించారు.

దాచే నేర్పూ ఆగలేదు. నల్లని నలుసు దాకా లేజరుతో వెంట్రుకంత రంధ్రం తొలిచి, దాన్ని ఆమ్లంతో తెల్లబరచడం ఒక పద్ధతి. 1980ల నుంచి పగుళ్లలో గాజులాంటి పదార్థం నింపడం మరొకటి. రంధ్రం శాశ్వతం కాబట్టి జీఐఏ ఆ సంగతి రాసి గ్రేడు ఇస్తుంది. నింపిన పదార్థం వేడికి పాడవుతుంది కాబట్టి అలాంటి రాళ్లకు గ్రేడే ఇవ్వదు.

శాస్త్రవేత్తలకు మాత్రం నగల వ్యాపారి పక్కన పెట్టే రాయే కావాలి. బ్రెజిల్‌లోని జుయీనా ప్రాంతపు వజ్రం ఒకదానిలో నీటి అంశను పట్టి ఉంచిన రింగ్‌వుడైట్ అనే ఖనిజపు నలుసు దొరికిందని 2014లో ప్రకటించారు. భూమి లోపల సుమారు 520 కిలోమీటర్ల లోతు దాటాకే ఏర్పడే ఆ ఖనిజం పైకి వచ్చింది వజ్రంలో ఒక ‘మచ్చ’గానే.

చివరి మార్పు ప్రయోగశాలలో పెంచిన వజ్రాలతో వచ్చింది. 2020లో జీఐఏ వాటికీ తవ్వి తీసిన రాళ్ల మాదిరే పూర్తి గ్రేడ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. 2025 జూన్‌లో ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించింది. మార్కెట్లోకి వచ్చే అలాంటి రాళ్లలో 95 శాతానికి పైగా రంగులో, స్వచ్ఛతలో చాలా ఇరుకైన పరిధిలోనే ఉన్నాయనీ, నేలలో పుట్టిన రాళ్ల తేడాల కోసం చేసిన మెట్లు వాటికి పనికిరావనీ చెప్పింది. 11 మెట్ల స్థానంలో ఇప్పుడు వాటికి రెండే మాటలు: ‘ప్రీమియం’, ‘స్టాండర్డ్’. ఆ రెండింటికీ అందని రాయికి ఏ మాటా ఉండదు.